వార్డు వదలాలనుకునే నర్సుకు హైదరాబాద్‌లో ఏ దారి నప్పుతుంది?

బీఎస్సీ నర్సింగ్ చదివి, రెండు మూడేళ్లు డ్యూటీలు చేసిన జూనియర్లు ఫోన్ చేసి నన్ను అడిగేది దాదాపు ఒకే మాట. "అక్కా, ఇక నావల్ల కాదు. ఏ కోర్సు చేస్తే బయటపడొచ్చు?" కోర్సు పేరు చెప్పే ముందు నేను వాళ్లను తిరిగి ఒకటి అడుగుతాను. వార్డులో నీకు పడనిది ఏంటి? నైట్ డ్యూటీలా, నడుము నొప్పా, జీతమా, మాటలు పడటమా? లేక పేషెంట్ల మధ్య ఉండటమే ఇష్టం లేదా?

చాలామంది "అన్నీ" అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. కాసేపు మాట్లాడితే అసలు బాధ ఏదో ఒకటి తేలుతుంది. అది తేలకుండా దారి మారితే ఏడాది తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తాం. ఏ ఉద్యోగమూ ఈ ఐదింటినీ ఒకేసారి తీసేయదు మరి. మెడికల్ కోడింగ్‌లో, అంటే కేస్ షీట్లు చదివి కోడ్‌లు ఇచ్చే పనిలో, కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, మనుషులు దొరకరు. బస్తీల్లో ప్రభుత్వం నడిపే చిన్న ఆసుపత్రి, బస్తీ దవాఖానాలో మనుషులు దొరుకుతారు, ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు. టీచింగ్‌లో గౌరవం ఉంటుంది, దానికి ముందు రెండేళ్ల చదువు, ఫీజు ఉంటాయి.

ఎస్సార్ నగర్ హాస్టల్‌లో ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్లం. నలుగురం ఒకే ఆసుపత్రిలో స్టాఫ్ నర్సులం. నల్గొండ అమ్మాయి ఇప్పుడు మెడికల్ కోడింగ్‌లో టీమ్ లీడ్. ఖమ్మం నుంచి వచ్చిన అక్క బస్తీ దవాఖానాలో చేస్తోంది. మూడో ఆమె ఎమ్మెస్సీ చేసి నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. నేను మెడికల్ ఐసీయూలో మూడేళ్లు, క్లినికల్ రీసెర్చ్‌లో రెండేళ్లు చేసి, ఇప్పుడు ఫార్మకోవిజిలెన్స్‌లో, అంటే మందుల దుష్ప్రభావాలను గమనించే పనిలో ఉన్నాను. కింద రాసిందంతా మా నలుగురి అనుభవంలోంచి, మా చుట్టూ ఉన్నవాళ్లను చూసి రాసింది.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఆసుపత్రి బయట మనకు ఉద్యోగం ఇచ్చేవాళ్లు కొనుక్కునేది మన వార్డు కన్ను. పేషెంటు ముఖం చూసి ఏదో తేడాగా ఉందని పసిగట్టడం, మందు ఎక్కిన టైమ్‌నూ బీపీ పడిన టైమ్‌నూ కలిపి చూడటం, డాక్టర్ గొలుసు రాతలో అసలు విషయం పట్టుకోవడం. ఇవి బీఫార్మసీ చేసినవాళ్లకు, మైక్రోబయాలజీ చదివినవాళ్లకు పుస్తకంలో దొరకవు. అందుకే చదువు అయిన వెంటనే వార్డు ముఖం చూడకుండా బయటి ఉద్యోగాలకు వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం. కనీసం రెండేళ్లు, వీలైతే ఐసీయూలోనో ఎమర్జెన్సీలోనో చేయండి. ఆ రెండేళ్లే తర్వాత ఇరవై ఏళ్లు అక్కరకొస్తాయి.

అమీర్‌పేట దారి: మెడికల్ కోడింగ్

మైత్రీవనం చుట్టూ ఏ గోడ చూసినా మెడికల్ కోడింగ్ కోచింగ్ బోర్డే. హైదరాబాద్‌లో నర్సులకు అన్నింటికంటే దగ్గరగా కనిపించే తలుపు ఇదే. పని ఏంటంటే, అమెరికాలో డాక్టర్ రాసిన కేస్ షీట్ చదివి జబ్బుకు ఐసీడీ-10-సీఎం కోడ్, చేసిన ప్రొసీజర్‌కు సీపీటీ కోడ్ ఇవ్వాలి. వాటిని చూసే అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు చెల్లిస్తుంది.

ఒక చార్ట్ చూద్దాం. షుగర్ పేషెంట్, కుడి మడమ మీద మానని పుండు. టైప్ 2 షుగర్ వల్ల పాదానికి పుండు అంటే ఈ11.621. అక్కడితో అయిపోదు. పుండు ఎక్కడ, ఎంత లోతు అన్నది రెండో కోడ్ చెప్పాలి. కుడి మడమ, చర్మం వరకే పోయి ఉంటే ఎల్97.411. కింద కొవ్వు పొర బయటపడి ఉంటే ఎల్97.412. చర్మం వరకే పోయిన పుండు ఎడమ మడమ మీద ఉంటే ఎల్97.421. చేత్తో డ్రెస్సింగ్‌లు చేసిన మనకు నోట్‌లో ఒక్క పదం చదవగానే ఆ పుండు కళ్ల ముందు కనిపిస్తుంది. పక్క సీట్లో ఉన్న బీకామ్ అబ్బాయి అదే తేడాను బట్టీ పట్టి నేర్చుకోవాలి. మొదటి ఏడాది మనకు ఇది పెద్ద బలం.

పరీక్ష పేరు సీపీసీ, నిర్వహించేది అమెరికాలోని ఏఏపీసీ అనే సంస్థ. 100 ప్రశ్నలు, నాలుగు గంటలు, పాస్ కావాలంటే 70 శాతం రావాలి. కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకునే రాస్తాం. కోడింగ్ అనుభవం లేకుండా పాసైతే సర్టిఫికెట్ మీద అప్రెంటిస్ అన్న గుర్తు ఉంటుంది, అనుభవం చూపించాక తీసేస్తారు. వార్డు అనుభవం ఇక్కడ కోడింగ్ అనుభవంగా లెక్కకు రాదు. కాబట్టి మొదటి జీతం ఫ్రెషర్ జీతమే. అప్పటికి మీరు సీనియర్ స్టాఫ్ నర్సు అయితే చేతికి వచ్చేది తగ్గవచ్చు కూడా. ఇంట్లో ఈఎంఐలు ఉన్నవాళ్లు ఈ మాట ముందే లెక్కలో వేసుకోవాలి.

నచ్చని వైపు కూడా చెప్పాలి. రోజుకు ఇన్ని చార్టులు అని టార్గెట్, దాని మీద క్వాలిటీ ఆడిట్. రెండూ నిలబెట్టుకోవాలి. నల్గొండ అమ్మాయి మొదటి ఆరు నెలలు వార్డు కంటే ఎక్కువ టెన్షన్ పడింది. "వార్డులో తప్పు జరగబోతే పక్కన సిస్టర్ ఆపేది, ఇక్కడ తప్పు నెలాఖరులో ఎక్సెల్ షీట్‌లో కనిపిస్తుంది" అనేది. ఇంకొకటి, మామూలు చార్టులకు ఇప్పుడు సాఫ్ట్‌వేరే కోడ్ సూచిస్తోంది. సులువైన పని తగ్గుతూ పోతుంది. సర్జరీలు, ఇన్‌పేషెంట్ చార్టులు, ఆడిటింగ్ వైపు రెండు మూడేళ్లలో ఎదగకపోతే ఉన్నచోటే ఉండిపోతారు. చేరేటప్పుడే ఏ స్పెషాలిటీ ఇస్తున్నారో అడగండి.

జాగ్రత్త ఒకటి. "హెల్త్‌కేర్ ప్రాసెస్, నర్సింగ్ వాళ్లకు ప్రాధాన్యం" అని వచ్చే ప్రకటనల్లో కొన్ని ఏఆర్ కాలింగ్ ఉద్యోగాలు. అంటే అమెరికా ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి ఆగిన బిల్లుల గురించి అడగడం. అది పూర్తిగా రాత్రి పని. నైట్ డ్యూటీ తప్పించుకుందామని వెళ్లి మళ్లీ నైట్‌లోనే పడినవాళ్లు నాకు తెలుసు. ఆఫర్ లెటర్‌లో షిఫ్ట్ టైమింగ్ చూడకుండా సంతకం పెట్టకండి.

నేను ఎంచుకున్నది: ఫార్మకోవిజిలెన్స్

ఆఫీసుల్లో దీన్ని పీవీ అంటారు. మార్కెట్‌లో ఉన్న మందు వాడినవాళ్లకు ఏదైనా ఇబ్బంది వస్తే ఆ కబురు కంపెనీకి చేరుతుంది. దాన్ని కేసుగా రాసి, తీవ్రత తేల్చి, మందుకూ ఇబ్బందికీ సంబంధం ఉందా అని చూసి, గడువులోపు ఆయా దేశాల ఔషధ నియంత్రణ సంస్థలకు పంపాలి. ఫార్మా కంపెనీలు, వాటికి సేవలందించే సంస్థలు ఇంత ఉన్న ఊరు కాబట్టి హైదరాబాద్‌లో ఈ పని దొరుకుతుంది.

కేసు చెల్లాలంటే నాలుగు ఉండాలి. గుర్తించగల పేషెంటు, గుర్తించగల సమాచారమిచ్చినవాళ్లు, అనుమానించిన మందు, జరిగిన ఇబ్బంది. ఈ నాలుగూ కంపెనీలో ఎవరికి ముందు తెలిసినా ఆ రోజే లెక్క మొదలు. తీవ్రమైనది, మందు కాగితంలో ఇంతకుముందు లేనిది అయితే 15 రోజుల్లో రిపోర్టు వెళ్లాలి. క్లినికల్ ట్రయల్‌లో అలాంటిదే ప్రాణం మీదికొస్తే ఏడు రోజులే. శుక్రవారం సాయంత్రం అలాంటి కేసు వస్తే శనివారం మనది కాదు. అలవాటు పడాలి.

నాకు ఈ పని మీద ప్రేమ పుట్టిన కేసు ఒకటి చెబుతాను. విదేశం నుంచి వచ్చింది. డెబ్బై దగ్గర పడిన ఒకావిడ, కొత్తగా బీపీ మాత్ర మొదలుపెట్టారు, వారం తిరక్కుండా బాత్‌రూమ్‌కి వెళ్తూ పడిపోయి తుంటి ఎముక విరిగింది. కూతురు ఫోన్ చేసి చెప్పిన రెండు లైన్లే సమాచారం. మా టీమ్‌లో దాన్ని పడిపోవడం, ఎముక విరగడం అని రాసి ముందుకు పంపబోతున్నారు. రాసినదాంట్లో తప్పు లేదు. కానీ నాకు ఐసీయూ నుంచి వార్డుకు పంపిన ముసలివాళ్లు గుర్తొచ్చారు. మంచం మీద నుంచి లేపి నిలబెట్టగానే ముఖం తెల్లబోయి, చేయి గట్టిగా పట్టుకునేవాళ్లు. పడుకున్నప్పుడు ఎంత, నిలబడ్డాక ఎంత అని బీపీ రెండుసార్లు చూసేవాళ్లం కదా. అదే ప్రశ్న ఫాలో-అప్‌లో అడిగించాను. మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, ఎన్ని గంటలకు లేచారు, ఆసుపత్రిలో నిలబెట్టి బీపీ చూశారా అని. జవాబు వచ్చింది. రాత్రి పడుకునే ముందు మాత్ర, తెల్లవారుజామున లేవడం, నిలబడితే బీపీ బాగా పడిపోతోంది. కేసు రూపమే మారిపోయింది. ఇప్పుడది కాలుజారి పడటం కాదు, మందు వల్ల బీపీ పడిపోయి పడటం. ఆ ప్రశ్న నాకు ఏ కోర్సూ నేర్పలేదు, వార్డు నేర్పింది.

అయితే ఇందులోకి దూరడం కోడింగ్ అంత సులువు కాదు. చాలా కంపెనీలు ప్రకటనలో బీఫార్మసీ, ఎంఫార్మసీ, ఫార్మ్‌డీ అనే రాస్తాయి. నర్సింగ్ అని రాసేవి తక్కువ. హైదరాబాద్‌లో ఫార్మసీ కాలేజీలకు కొదవ లేదు, పోటీ వాళ్లతోనే. "లైఫ్ సైన్సెస్ లేదా హెల్త్‌కేర్ డిగ్రీ" అని ఉన్నచోట ధైర్యంగా అప్లై చేయండి. ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా రాయడం రావాలి, ఎందుకంటే రోజంతా చేసేది కేసు కథనం రాయడమే. మెడ్‌డ్రా అనే పదకోశంలోంచి ఇబ్బందికి సరైన పదం ఎంచడం పనిలో చేరాక నేర్పుతారు. మూడు నెలల ఖరీదైన డిప్లొమా చేస్తేనే ఉద్యోగం అని చెప్పేవాళ్లను నమ్మి అప్పులు చేయకండి. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నవాళ్లు ఒక పని చేయండి. మీ వార్డులో మందు పడక ర్యాష్ వచ్చిన కేసు కనిపిస్తే, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే జాతీయ కార్యక్రమానికి రిపోర్ట్ చేయండి. నర్సులు కూడా పంపొచ్చు, టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024. అలా పంపిన నాలుగు రిపోర్టులు డిప్లొమా కంటే ఎక్కువ మాట్లాడతాయి.

క్లినికల్ రీసెర్చ్: వార్డు పక్కనే, వార్డు కాదు

2020 జులైలో నిమ్స్‌లో కోవాగ్జిన్ తొలి దశ ట్రయల్ మొదలయ్యాక మా ఇంట్లోవాళ్లకు కూడా ఈ పని ఏంటో తెలిసింది. ట్రయల్‌లో చేరిన ప్రతి మనిషికీ ఏ రోజు ఏ పరీక్ష, ఏ మందు, ఏ సంతకం అన్నది చూసుకునేది క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్. కూర్చునేది ఆసుపత్రిలోనే, జీతం ఇచ్చేది చాలాసార్లు బయటి సంస్థ. నైట్ డ్యూటీలు ఉండవు. పేషెంట్లు ఉంటారు, అదీ నెలల తరబడి అదే మనుషులు.

ఇక్కడ నర్సుకు ఉన్న విలువ సమ్మతి పత్రం దగ్గర తెలుస్తుంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన గుర్తున్నారు. చదువు రాదు. అలాంటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి, అంతా చదివి వినిపించాలి, ఆయన వేలిముద్ర వేయాలి, సాక్షి సంతకం పెట్టాలి. ఆయన పేజీల వంక చూడటం లేదు, నా ముఖం వంకే చూస్తున్నారు. "నువ్వు పెట్టమంటే పెడతా బిడ్డా" అన్నారు. అదే అసలు ప్రమాదం. నేను పెట్టమంటే పెట్టేది సమ్మతి అవదు. కాగితం పక్కన పెట్టి, మధ్యలో ఎప్పుడైనా మానేయవచ్చని, మానేసినా మామూలు వైద్యం ఆగదని, ఆయనకు వచ్చిన భాషలో మళ్లీ చెప్పాను. నేను చెప్పింది ఆయన తిరిగి చెప్పేదాకా వేలిముద్ర తీసుకోలేదు. దానికి గంటన్నర పట్టింది.

2019లో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్‌లో తీవ్రమైన ఇబ్బంది ఏది జరిగినా 24 గంటల్లో పరిశోధకుడైన డాక్టర్ రిపోర్ట్ చేయాలి. ఆ ఫోన్ ముందు మోగేది కోఆర్డినేటర్‌కే. కాగితాల పని కొండంత ఉంటుంది. ప్రాజెక్టు అయిపోతే తర్వాతి ప్రాజెక్టు ఎప్పుడొస్తుందా అన్న గుబులు ఉంటుంది. రెండు మూడేళ్ల తర్వాత ట్రయల్ జరిగే ఆసుపత్రులు తిరిగి తనిఖీ చేసే సీఆర్ఏ (క్లినికల్ రీసెర్చ్ అసోసియేట్) ఉద్యోగానికి ఎదగొచ్చు, జీతం బాగా పెరుగుతుంది, కానీ నెలలో సగం రోజులు ప్రయాణమే.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చెప్పమంటే ఇలా చెబుతాను. త్వరగా ఒక ఉద్యోగం, పగటి షిఫ్ట్, కూర్చుని చేసే పని కావాలంటే కోడింగ్. ఆలస్యమైనా సరే, మందుల మీద ఆసక్తి ఉంటే, రాయడం ఇష్టమైతే పీవీ. పేషెంటును వదల్లేనివాళ్లకు రీసెర్చ్. కోడింగ్ నుంచి పీవీకి మారడం కష్టం, రీసెర్చ్ నుంచి పీవీకి మారడం తేలిక, నేను అలాగే వచ్చాను. నర్సు కన్ను పీవీలోనూ రీసెర్చ్‌లోనూ రోజూ పనికొస్తుంది. కోడింగ్‌లో ఏడాది తర్వాత దాని అవసరం తగ్గిపోతుంది. అందుకే కోడింగ్‌తో పాటు మిగతా రెండింటిలో ఏదైనా చేతికి అందుతున్నప్పుడు కోడింగ్ తీసుకోకండి అంటాను.

బస్తీ దవాఖానా, పల్లె దవాఖానా

ఖమ్మం అక్కకు వార్డు మీద కోపం లేదు, కార్పొరేట్ పద్ధతి మీదే కోపం. ఆమెకు ఈ దారి సరిగ్గా సరిపోయింది. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. అదే ఏడాది కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు తెచ్చింది, ఇప్పుడు వాటి పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్. దేశమంతటా ఆ సబ్‌సెంటర్లలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా నర్సులను పెట్టాలన్నది ఆలోచన. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకు, పాత సిలబస్‌లో బీఎస్సీ చేసినవాళ్లకు ఆరు నెలల బ్రిడ్జ్ కోర్సు ఉంటుంది.

తెలంగాణలో ఒక తేడా తెలిసి ఉండాలి. ఇక్కడ పల్లె దవాఖానాల్లోని ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులకు ముందు ఎంబీబీఎస్, బీఏఎంఎస్ డాక్టర్లను చూస్తారు, వాళ్లు దొరకనిచోట నర్సులను తీసుకుంటారు. 2022 నోటిఫికేషన్‌లో అదే పోస్టుకు డాక్టరైతే నెలకు 40,000, స్టాఫ్ నర్సైతే 29,900 రూపాయలు అని ఉంది. ఆంధ్రలో గ్రామ క్లినిక్‌లను నడిపేది బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లే. మీ సొంతూరు అటువైపు అయితే ఆ నోటిఫికేషన్లు కూడా చూస్తూ ఉండండి. నగరంలోని బస్తీ దవాఖానాలో డాక్టర్ ఉంటారు, మనం స్టాఫ్ నర్సుగా ఉంటాం. పగటి పని. రక్తం నమూనాలు తీసి తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌కు పంపడం, బీపీ షుగర్ పేషెంట్లకు నెల నెలా మందులు, గర్భిణుల చెకప్‌లు.

అక్క ఒక నోట్‌బుక్ పెట్టుకుంది. మందులకు రావలసిన తేదీ దాటినవాళ్ల పేర్లు ఎర్ర పెన్నుతో రాస్తుంది. సాయంత్రం ఆశా వర్కర్‌తో కలిసి ఆ ఇళ్లకు వెళ్తుంది. ఇంట్లో పని, కూలికి వెళ్లడం, మందు వేసుకుంటే కళ్లు తిరగడం, కారణం ఇంటికో రకం. ఆ బస్తీలో ఆమెను అందరూ "సిస్టరమ్మ" అంటారు. మాకెవరికీ దొరకనిది ఆమెకు దొరికింది. కాంట్రాక్టు ఉద్యోగం, రెగ్యులర్ అవుతుందన్న భరోసా లేదు, కొన్నిసార్లు జీతం ఆలస్యం. ఇంట్లో రెండో జీతం ఉంటే ఇది చాలా మంచి ఉద్యోగం, ఒక్క జీతం మీదే ఇల్లు నడుస్తుంటే ఆలోచించుకోవాలి.

పాఠాలు చెప్పడం

బీఎస్సీతో ట్యూటర్‌గా చేరవచ్చు. ఎదగాలంటే మాత్రం రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగ్ తప్పదు. తెలంగాణలో ప్రవేశ పరీక్ష వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పెడుతుంది, బీఎస్సీ తర్వాత ఏడాది అనుభవం అడుగుతారు. కొత్త మెడికల్ కాలేజీలతో పాటు రాష్ట్రంలో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలూ పెరిగాయి, కాబట్టి పోస్టుల అవసరం ఉంది. స్పెషాలిటీ ఎంచుకునేటప్పుడు స్నేహితురాలు తీసుకుందని తీసుకోకండి. ఎక్కువమంది మెడికల్ సర్జికల్ వైపే వెళ్తారు. మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్ చేసినవాళ్లకు కాలేజీ బయట కూడా పని దొరుకుతుంది. మానసిక సహాయానికి 2022లో వచ్చిన టెలీ మానస్ లాంటి సేవల్లో సైకియాట్రిక్ నర్సులకు చోటు ఉంది.

కొన్ని ప్రైవేటు కాలేజీల నుంచి ఒక మాట వస్తుంది. "సర్టిఫికెట్ ఇవ్వండి చాలు, రానక్కర్లేదు, తనిఖీ రోజు కనిపించండి." అలా పేరుకు మాత్రమే టీచర్‌గా ఉన్నందుకు ఇచ్చే డబ్బు ముట్టకండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రతి నర్సుకూ ఎన్‌యూఐడీ అనే గుర్తింపు నంబర్ ఇస్తుంది, మీ పేరు ఎక్కడుందో రికార్డులో ఉంటుంది. అసలు నష్టం అది కూడా కాదు. టీచర్ లేని క్లాసులో చదివిన అమ్మాయి రేపు ఎవరి అమ్మకో ఇంజెక్షన్ చేయాలి.

మిగతావి, క్లుప్తంగా

ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ ఉద్యోగం టీపీఏలలో (ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థలు), ఆసుపత్రుల బిల్లింగ్ డెస్కులలో ఉంటుంది. కేస్ షీట్ చూసి చికిత్స నిజంగా అవసరమేనా, పాలసీలో వస్తుందా అని తేల్చాలి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన ప్రకారం క్యాష్‌లెస్‌కు ఒక గంటలో, డిశ్చార్జ్‌కు మూడు గంటల్లో జవాబివ్వాలి, కాబట్టి ప్రశాంతమైన టేబుల్ పని అనుకోకండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెరిగింది, అటువైపు కూడా ఈ పని తెలిసినవాళ్లు కావాలి.

ఫ్యాక్టరీ నర్సు గురించి మనవాళ్లు అసలు ఆలోచించరు. 500 మందికి మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో అంబులెన్స్ రూమ్, నర్సింగ్ సిబ్బంది ఉండాలన్న నిబంధన 1948 ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచే ఉంది. పాశమైలారం, పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు ఇలాంటి ఉద్యోగాలు ఉంటాయి. వార్డుల్లో మగ నర్సులకు దొరకని అవకాశం ఇక్కడ బ్రదర్స్‌కు దొరుకుతుంది. చాలా రోజులు ఏమీ జరగదు, జరిగిన రోజు మంటలో కాలినవాళ్లో, గ్యాస్ పీల్చినవాళ్లో వస్తారు, డాక్టర్ వచ్చేలోపు మీరొక్కరే. ఎమర్జెన్సీ అనుభవం లేకుండా ఒప్పుకోకండి.

చిన్న పిల్లలున్న తల్లులకు స్కూల్ నర్సు ఉద్యోగం మంచిది. మీ పిల్లలకు సెలవులిస్తే మీకూ సెలవులు. గురుకులాల్లో స్టాఫ్ నర్సు పోస్టులు నోటిఫికేషన్ ద్వారా వస్తాయి, రాత్రి కూడా అక్కడే ఉండాల్సి రావచ్చు, అది చూసుకోవాలి. హోమ్‌కేర్‌లో రోజుకు చేతికొచ్చే డబ్బు బాగానే ఉంటుంది, కానీ తెలియని ఇంట్లో పన్నెండు గంటలు ఒంటరిగా ఉండాలి. రాతపూర్వక ఒప్పందం, ఇబ్బంది వస్తే అర్ధరాత్రైనా ఫోన్ ఎత్తే మనిషి ఏజెన్సీలో ఉన్నారో లేదో చూడండి. పబ్లిక్ హెల్త్ మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లోనూ ఎంపీహెచ్, అంటే పబ్లిక్ హెల్త్‌లో పీజీ, ఉంది. చదివే ముందు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లాంటి చోట ప్రాజెక్ట్ నర్సుగా కొన్నాళ్లు చేసి చూస్తే ఈ రంగం మీకు పడుతుందో లేదో తెలుస్తుంది.

విదేశాలకు వెళ్లాలన్న ఆలోచన మనసులో ఏ మూల ఉన్నా పైవాటిలోకి వెళ్లే ముందు ఆగండి. అక్కడ అడిగేది ఇటీవలి బెడ్‌సైడ్ అనుభవం. అమెరికాలో నర్సు లైసెన్సుకు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష హైదరాబాద్‌లోనే రాయవచ్చు, కానీ నాలుగేళ్లు కోడింగ్ చేసి మళ్లీ వార్డు ఉద్యోగం అడగడం కష్టం.

వదిలే ముందు

నేను మొదటి ఆసుపత్రి వదిలినప్పుడు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఐదు నెలలు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. చేరేటప్పుడు బాండ్ కాగితం చదవకుండా సంతకం పెట్టాను. ఆ ఐదు నెలల్లో చేతికొచ్చిన ఒక ఆఫర్ పోయింది. మా నాన్న రెండుసార్లు ఊరి నుంచి వచ్చి ఆ ఆఫీసు ముందు కూర్చున్నారు. కాబట్టి ఎక్కడ చేరినా ఒరిజినల్స్ చూపించండి, జిరాక్స్‌లు ఇవ్వండి. రాజీనామా ఈమెయిల్‌లో పంపండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ లెటర్‌లో ఏ యూనిట్‌లో ఎన్ని నెలలు చేశారో రాయించుకోండి. "స్టాఫ్ నర్స్, మూడేళ్లు" అన్న ఒక్క లైన్ బయట ఎవరికీ ఏమీ చెప్పదు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను మాత్రం ఏ దారిలో వెళ్లినా రెన్యువల్ చేయిస్తూ ఉండండి. మనసు మారితే తిరిగి రావడానికి ఉన్న ఒకే తలుపు అది.

పెళ్లి సంబంధం వాళ్లు నైట్ డ్యూటీ వద్దన్నారని హడావిడిగా మారుతున్నవాళ్లు నా దగ్గరకు చాలామంది వస్తారు. వాళ్లకు నేను చెప్పేది, ఆసుపత్రిలోనే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు, క్వాలిటీ విభాగం, డయాబెటిస్ ఎడ్యుకేటర్ లాంటి పగటి పనులు ఉన్నాయా అని ముందు మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అడగండి. సర్వీసు పోదు, జీతం తగ్గదు, నైట్ పోతుంది. అడగకుండానే రాజీనామా చేసినవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక ఇంటర్వ్యూ. ఎక్కడికి వెళ్లినా అడిగేది ఒకటే, "ఆసుపత్రి ఎందుకు వదిలేస్తున్నారు?" మొదటిసారి నేను నైట్‌లు కష్టంగా ఉన్నాయని చెప్పాను, తీసుకోలేదు. రెండోసారి ఒక కేసు చెప్పాను. ఐసీయూలో ఒకాయనకు వాంకోమైసిన్ డ్రిప్ గంటకు తక్కువ కాకుండా ఎక్కాల్సింది, తొందరగా ఎక్కిపోతోంది. మెడ, ఛాతీ ఎర్రగా కందిపోయాయి, దురద. డ్రిప్ ఆపి డాక్టర్‌ను పిలిచి, కేస్ షీట్‌లో మూడు లైన్లు రాశాను. ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్ని గంటలకు ఎర్రబడింది, ఆపాక ఎంతసేపటికి తగ్గింది. ఆ మూడు లైన్లు రాయడమే పనిగా ఉన్న ఉద్యోగం కావాలని వచ్చానన్నాను. ఎదురుగా ఉన్న మేడమ్ ఇంకేమీ అడగకుండా ఎప్పుడు చేరగలరని అడిగారు. మీ వార్డులో కూడా అలాంటి కేసు ఒకటి ఉండే ఉంటుంది. పేషెంటు పేరు లేకుండా, టైమ్‌లతో సహా, ఈ వారమే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.